స్టాకులో లేని తొమ్మిది పుస్తకాలు

ఆయన పోయిన సంగతి నాకు తొమ్మిది రోజులు ఆలస్యంగా తెలిసింది. ఇద్దరం నాచారంలోనే ఉంటాం. మా ఇంటికీ ఆయన క్లినిక్‌కీ మధ్య రెండు వీధులు. నా నడకకు ఆరు నిమిషాలు. అయినా తొమ్మిది రోజులు పట్టింది.

చెప్పింది యాదయ్య. ఉప్పల్ అవతల ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో నేను లైబ్రేరియన్‌గా ఉన్నప్పుడు అతను అక్కడ అటెండరు. ఆదివారం పొద్దున ఉప్పల్‌లో కూరగాయల బండి దగ్గర ఎదురుపడ్డాడు.

“ఎర్క లేదా మేడం? మన పిచ్చి డాక్టర్ సారు పోయిండు. మొన్న శుక్రవారం గాదు, అవతలి శుక్రవారం. రేపే దినం.”

“ఏమైంది?” అన్నాను.

“గుండె. క్లినిక్ల కుర్చీల కూసోనే పోయిండంట. ఎదురుంగ పేషెంటు ఉన్నడంట. పాపం, ఆ పేషెంటు గతేందో.”

పిచ్చి డాక్టర్ అన్న పేరు యాదయ్య పెట్టింది కాదు. ఆయనే పెట్టుకున్నాడు. ఫోనెత్తితే “పిచ్చి డాక్టర్‌ను మాట్లాడుతున్న” అనేవాడు. ప్రిన్సిపాల్ ఒకసారి మందలిస్తే, “జనం గట్లనే అడుక్కుంట వస్తరు సార్. బోర్డు సూసి ఎవలు రారు” అన్నాడట.

మానసిక వైద్య విభాగంలో ఆయన అసిస్టెంట్ ప్రొఫెసరు. మేమిద్దరం కలిసి పనిచేసిన పదిహేడేళ్లూ అసిస్టెంట్ ప్రొఫెసరే. ఆయన తర్వాత చేరినవాళ్లు ముగ్గురు ఆయన్ని దాటి పైకి వెళ్లారు. పదోన్నతికి పరిశోధన పత్రాలు రాయాలి. ఆయన రాయలేదు. రాయడం రాక కాదని నాకు తర్వాత తెలిసింది.

నాకు ఆయనంటే గిట్టేది కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. రోజూ రెండుంపావుకు లైబ్రరీకి వచ్చేవాడు. వేలు నోట్లో తడుపుకుని పేజీ తిప్పేవాడు. గుర్తు కోసం పుస్తకంలో బస్సు టికెట్లు పెట్టేవాడు. ఒకే పుస్తకంలో ఎనిమిది టికెట్లు నేను ఏరి ఆయన ముందు టేబుల్ మీద పెట్టిన రోజుంది. వాటిని వరసగా పేర్చి చూసుకుని, “గీ పుస్తకం సదువుకుంట కీసరకు నాలుగుసార్లు పోయొచ్చినన్నట్టు” అన్నాడు. కీసర దగ్గర ఒక ఊళ్లో వాళ్ల అమ్మ ఉండేది. పొలం కూడా ఉండేదట. లైబ్రరీలో ఆయన గొంతు తగ్గించడం నేనెప్పుడూ వినలేదు. గడువు దాటిన పుస్తకాలకు ఆ పదిహేడేళ్లలో ఆయనకు నలభై మూడు నోటీసులు పంపాను. దేనికీ జవాబు రాలేదు. పుస్తకాలు మాత్రం ఒక్కటీ పోలేదు.

పీజీ కోర్సులో కొత్తగా చేరినవాళ్లు వచ్చే నెలలో ఆయన మరీ అల్లరి చేసేవాడు. మూల టేబుల్ దగ్గర కూర్చుని కొత్తవాళ్లను ఒక్కొక్కరినే పిలిచేవాడు. నేను కౌంటరులో ఉండేదాన్ని. వినకూడదనుకున్నా వినిపించేది.

“ఎన్ని పుస్తకాలు కొన్నవ్ బిడ్డా?”

“ఏడు సార్.”

“ఎవలు చెప్పిన్రు?”

“ఫోన్‌లో ఒక టాపర్ లిస్టు పెట్టాడు సార్. అందులో ఉన్నవన్నీ కొన్నాను.”

ఆయన ఎదుటి అమ్మాయి బల్ల మీద పెట్టిన అన్నిటికంటే లావు పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి, దించి, మళ్లీ ఎత్తేవాడు. “మంచి పుస్తకం. దీన్ని ఆర్నెల్లు తల కింద పెట్టుకో. హాస్టల్ల దిండ్లు సక్కగుండయి.”

అమ్మాయి నవ్వాలా వద్దా అని చూసేది. ఆయన నవ్వకుండా అసలు జాబితా మొదలుపెట్టేవాడు. ఏటా అదే జాబితా. నాకు కంఠతా వచ్చు.

మొదటి మూడు నెలలకు ఒక్క సన్న పుస్తకం చాలు. రోగితో ఎలా మాట్లాడాలో, మనసును ఎలా పరీక్షించాలో చెప్పేది, తెల్లకోటు జేబులో పట్టేది. దానితోపాటు మందుల చేతిపుస్తకం. అందులో అన్నీ చదవొద్దు. “మన వార్డుల ఎనిమిది మందులే తిరుగుతయి. ఆ ఎనిమిదింటి గుణం, దోషం నీ కన్నపిల్లల గుణం లెక్క ఎర్కుండాలె.” చట్టం పుస్తకం మొదటి వారమే చదవాలి. “మనిషిని లోపట పెట్టి తలుపేస్తున్నవ్. ఆ హక్కు నీకెవలిచ్చిన్రు, ఎంతవరకిచ్చిన్రు, తెల్వకుంటెట్ల?” నరాల పరీక్ష మరిచిపోకుండా ఎంబీబీఎస్‌లో చదివిన పాత పుస్తకం దగ్గర పెట్టుకోవాలి, ఎందుకంటే మెదడులో గడ్డ ఉన్నవాడు కూడా ముందు పిచ్చి డాక్టర్ దగ్గరికే వస్తాడు. జబ్బుల పేర్లూ లక్షణాలూ లెక్కగట్టి ఇచ్చే పుస్తకం టేబుల్ సొరుగులో ఉండాలి, టేబుల్ మీద కాదు. “అది కోర్టు కాయితం అసుంటిది. పేషెంటు ముంగట తెరవకు.” ఫోనులో పాఠాలు బస్సులో చూడొచ్చు.

ఇక లక్షణాలను ఓపిగ్గా వర్ణించే పాత పుస్తకం ఒకటి ఉండేది. మా దగ్గర నాలుగు ప్రతులు. “మూడుసార్లు సదువు. మొదటిసారి ఆ జబ్బులన్ని నీకే ఉన్నయనిపిస్తది. రెండోసారి మన హెచ్చోడీకి ఉన్నయనిపిస్తది. మూడోసారి సదివినంక పేషెంటును సూడు.”

చివర, గొంతు తగ్గించకుండానే, “ఇగ అన్నిటికన్న ముందు సదివేది మేడం దగ్గర కౌంటర్ కింద ఉంటది. పోయి అడుగుర్రి” అనేవాడు.

అది చెప్పేముందు ఇంకొకటి చెప్పాలి.

ఒకసారి మూడు పుస్తకాలు నెలన్నర దాటినా రాకపోతే నేనే ఆయన ఓపీ గదికి వెళ్లాను. ఒక ముసలాయన, ఆయన కొడుకు కూర్చుని ఉన్నారు. డాక్టరు ఏం అడిగినా కొడుకే చెబుతున్నాడు. తిండి తినడని, నిద్రపోడని, ఊరికే గొణుగుతాడని. ముసలాయన గోడ చూస్తున్నాడు. డాక్టరు మధ్యలో ఆపి, ఓపీ చీటీ కొడుకు చేతికిచ్చి, “అన్నా, దీన్ని రెండు జిరాక్సులు తెచ్చియ్యవా? గేటు కాడ మిషన్ మంచిగ లేదు. రోడ్డు అవతలికి పో” అన్నాడు.

కొడుకు వెళ్లాడు. డాక్టరు లేచి తన కుర్చీని టేబుల్‌కు అవతలి వైపు, ముసలాయన పక్కకు లాక్కున్నాడు. నన్ను బయటికి పొమ్మనలేదు కానీ చూపు చాలింది. తలుపు దగ్గరికి వస్తుంటే వినబడింది: “ఏ బస్సుకొచ్చినవ్ పెద్దయ్యా? కూసోనీకి సీటు దొరికిందా?”

బయట పన్నెండు నిమిషాలు నిలబడ్డాను. కొడుకు రెండు జిరాక్సులతో తిరిగొచ్చేసరికి లోపల ముసలాయన ఏడుపు ఆగిపోయింది. డాక్టరు జిరాక్సులు తీసుకుని “సంతోషం అన్నా” అని సొరుగులో వేశాడు. వాళ్లు వెళ్లాక నా పుస్తకాల కోసం ఆయన అదే సొరుగు తెరిచాడు. నిండా జిరాక్సులు.

“ఇవన్నీ ఎందుకండీ?” అన్నాను.

“ఎందుకూ గాదు మేడం. మనిషిని ఊకె బయటికి పో అంటే తలుపు కాడ చెవి పెట్టి నిలవడతడు. పని చెప్తే గౌరవంగ పోతడు.” కుడిచెవి తమ్మె లాక్కున్నాడు. ఏదైనా ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు అలా లాక్కునేవాడు. “ఇది నాకు ఎవలు చెప్పలే. ఒక మనిషిని పోగొట్టుకున్నంక తెల్సింది.”

ఆ ఏడాదే తొమ్మిది పొడుగు నోటుపుస్తకాలు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఖాకీ అట్టలు వేసి ఉన్నాయి.

“రిఫరెన్స్ల పెట్టుర్రి మేడం. పిల్లలు సదువుకుంటరు.”

“రచయిత ఎవరు?”

“నేనే.”

“ప్రచురణకర్త?”

“ఈ చెయ్యి.”

లోపల ఏముందని అడిగాను. తాను చేసిన తప్పులు అన్నాడు. డాక్టరైనప్పటి నుంచి చేసిన ప్రతి తప్పుకూ ఒక పేజీ. ఏం జరిగింది, నేనేం చేసిన, ఏం చెయ్యాల్సి ఉండె. మూడు ముక్కలు, పేజీకి ఒక వైపే. రోగుల పేర్లు, ఊళ్లు ఎక్కడా లేవు. “పెద్ద పుస్తకాలు రాసినోళ్లు తప్పు చెయ్యలేదని గాదు. అచ్చెయ్యలేదు. కొత్త పోరలకు కావాల్సింది గదే.”

బిల్లు లేదు, ప్రచురణ వివరాలు లేవు, కాబట్టి రిజిస్టరు నంబరు ఇవ్వలేనని చెప్పాను. నంబరు లేనిది అల్మరాలో పెట్టకూడదు. విభాగాధిపతి ఉత్తరం తెస్తే విరాళంగా చూపించొచ్చన్నాను. తెస్తానన్నాడు. తేలేదు. తప్పుల పుస్తకానికి ఏ అధిపతి సంతకం పెడతాడో నేను ఆలోచించలేదు, ఉత్తరం రాలేదన్నదే నాకు ముఖ్యం. పుస్తకాలు కౌంటర్ కింది అరలో ఉండిపోయాయి. ప్రతి ఏడూ కొత్తవాళ్లు వచ్చి అడిగేవారు. నేను తీసి ఇచ్చేదాన్ని, రాయించుకోకుండానే. అది నియమం కాదు. నాకు ఇబ్బందిగా ఉండేది. ఒక్కొక్కరు ఆ మూల టేబుల్ దగ్గర గంట, రెండు గంటలు తల ఎత్తకుండా కూర్చునేవారు. వేరే ఏ పుస్తకంతోనూ వాళ్లు అలా కూర్చోవడం నేను చూడలేదు. ఇదీ నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

తొమ్మిదేళ్ల కింద, వర్షాకాలంలో, కాలేజీకి తనిఖీ వస్తుందన్నారు. రిజిస్టరులో లేని వస్తువు ఏదీ విభాగాల్లో ఉండకూడదని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ కాగితం అందరికీ వచ్చింది. కుర్చీల గురించి, ఫ్యాన్ల గురించి. ఎవరూ నా కౌంటర్ కింద చూడమనలేదు. కానీ పదిహేడేళ్లుగా నా స్టాకు తనిఖీలో తేడా సున్న. ఒక్క పుస్తకం తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు. ఆ సున్న మీద నాకు ఎంత మమకారమో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది.

ఆయన అప్పుడు సెలవులో ఉన్నాడు. వాళ్లమ్మ చావుబతుకుల్లో ఉంది, తర్వాత పోయింది. మొత్తం ఇరవై రెండు రోజులు. సెలవు మొదలైన రెండో రోజు నేను పాత పత్రికలు, చిరిగిన పుస్తకాలు తీసేసే జాబితా రాశాను. చివరి వరసలో “ఇతరములు – 9” అని రాశాను. ఆయన ఫోన్ నంబరు సభ్యుల రిజిస్టరులో ఉంది. ఫోన్ చేయలేదు. పుస్తకాలు మా ఇంటికి తెచ్చుకోవచ్చు. లైబ్రరీ నుంచి వస్తువు ఇంటికి తీసుకెళ్లడం తప్పు కదా అని తెచ్చుకోలేదు. ఆయన గది తలుపు ముందు పెట్టించొచ్చు. అది నాకు తట్టలేదు, లేదా తట్టనివ్వలేదు.

స్క్రాపు ఆటోలోకి ఎక్కించేముందు కాలేజీ ముద్ర ఎక్కడైనా ఉందేమోనని ఒకటి తెరిచాను. మూడో పుస్తకం, మొదటి పేజీ. చదివాను. మూసి యాదయ్యకు ఇచ్చాను.

“మేడం, ఇవి సారువి గదా” అన్నాడు యాదయ్య.

“నంబరు ఉందా వాటికి?” అన్నాను.

అతను తొమ్మిదీ ఆటోలోకి ఎక్కించాడు.

రెండు రోజుల తర్వాత మొదటి సంవత్సరం పీజీ కుర్రాడు ఒకడు వచ్చాడు. మేడిపల్లిలో గది తీసుకున్నాడట, బస్సు దిగి చెమటలు కక్కుతూ వచ్చాడు. “మేడం, సీనియర్లు ఒక బుక్ ఉంటదన్నరు. తప్పులది. అది సదివినంకనే ఓపీల కూసోమన్నరు.”

“అది స్టాకులో లేదు” అన్నాను.

“ఎప్పుడొస్తది మేడం?”

“లేదన్నాను కదా బాబూ. సభ్యత్వం ఉందా నీకు?”

లేదు. ఫారం ఇచ్చాను. రెండు ఫొటోలు అడిగాను. పేరు పెద్ద అక్షరాలతో రాయమన్నాను, ఒక గడి తప్పు నింపితే కొట్టేసి మళ్లీ రాయించాను. తర్వాత రెండు సంపుటాల లావు పుస్తకం ఇచ్చి పంపాను.

నాచారం పారిశ్రామికవాడలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక పెళ్లైన అమ్మాయిని ఆ తర్వాతి సోమవారం వాళ్లింటివాళ్లు ఓపీకి తీసుకొచ్చారు. వెంట వచ్చింది ఆమె భర్త అన్న. ఊరికే ఏడుస్తుందని, నిద్రపోదని, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడదని చెప్పాడు. కొత్త కుర్రాడు అన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. మందులు రాశాడు. పై సోమవారం రమ్మన్నాడు. వచ్చారు. ఆ పై సోమవారమూ వచ్చారు. మూడుసార్లూ బావగారు ఆమె పక్కనే కూర్చున్నాడు. మూడుసార్లూ ఆయనే చెప్పాడు. మందులకు తగ్గుతోందని కూడా ఆయనే చెప్పాడు.

మూడో సోమవారం మర్నాడు, మంగళవారం, డాక్టరు సెలవు నుంచి వచ్చాడు. గుండు మీద అప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. రెండుంపావుకు లైబ్రరీకి వచ్చి కౌంటర్ కిందికి వంగి చూశాడు.

“నావి తొమ్మిది ఉండె మేడం.”

“నంబరు లేనివి తీసేశామండీ. తనిఖీ ఉండింది.”

“తీసి?”

“స్క్రాపుకు వెళ్లాయి.”

ఆయన ఇంకొకసారి వంగి చూశాడు. తర్వాత యాదయ్యను పిలిచి, “ఎటు పోయిందే ఆటో?” అన్నాడు. ఇద్దరూ యాదయ్య స్కూటర్ మీద నాచారంలో ఆ కాగితం గోడౌన్‌కు వెళ్లారు. గంటన్నరకు వచ్చారు. సరుకు ఎప్పుడో కట్టలు కట్టి మిల్లుకు పంపేశారట. ఆయన చొక్కా నిండా దుమ్ము.

“తనిఖీ మంచిగ అయ్యిందా మేడం?” అన్నాడు.

“అయిందండీ. తేడా సున్న.”

“మంచిది” అని వెళ్లిపోయాడు. అందులో వెటకారం వెతికాను. దొరకలేదు. ఉంటే బాగుండేది.

నాలుగో సోమవారం ఆ అమ్మాయి రాలేదు. ఎందుకు రాలేదో బుధవారం పోలీసులు వచ్చి చెప్పారు. ఇంట్లోనే ప్రాణం తీసుకుంది. ఆమె పనిచేసే చోట తోటివాళ్లకు చెప్పుకున్న మాటలు పోలీసుల కాగితాల్లో ఉన్నాయి. ఆ బావ ఆ ఇంట్లో ఆమెను బతకనివ్వలేదు. ఆ సంగతి ఆమె నోట వినడానికి ఆ గదిలో మూడుసార్లు అవకాశం ఉంది. మూడుసార్లూ అతను కుర్చీలో ఉన్నాడు.

కాలేజీ ఒక కమిటీ వేసింది. కుర్రాడు చదువులో ఎలాంటివాడో చూడాలని లైబ్రరీ రిజిస్టరు తెమ్మన్నారు. తీసుకెళ్లాను. కుర్రాడు ఒక మూల కూర్చుని ఉన్నాడు. డాక్టరు నిలబడే ఉన్నాడు.

“చేరిన నాలుగు వారాల్లో ఏడు పుస్తకాలు తీసుకున్నాడు సార్. అన్నీ గడువులోపే తిరిగిచ్చాడు” అని చదివాను.

“మీరు ఇంకా చెప్పాల్సిందేమైనా ఉందా మేడం?” అని అడిగాడు కమిటీ పెద్ద.

“లేదు” అన్నాను.

తర్వాత డాక్టరును అడిగారు. “సెలవుల ఉన్న గని యూనిట్ నాది సార్. పక్క మనిషిని బయటికి పంపాలె అని ఈ పిల్లగానికి నేను నేర్పలే. తప్పు నాది, రాసుకోండ్రి” అన్నాడు. తొమ్మిది పుస్తకాల మాట ఎత్తలేదు. చెవి తమ్మె లాక్కోలేదు. కుర్రాడు అడిగితే నేను లేదన్నానని ఆయనకు తెలియదు. ఆ గదిలో అది తెలిసినవాళ్లం ఇద్దరం. కుర్రాడు నేల చూస్తున్నాడు. నేను రిజిస్టరు మూశాను.

కుర్రాడు ఆ నెలాఖరుకు సీటు వదిలేశాడు. డాక్టరు ఒప్పందం ఆ ఏడు పొడిగించలేదు. నేను ఇంకో రెండేళ్లు చేసి రిటైరయ్యాను. సభలో నా సున్నల గురించి ప్రిన్సిపాల్ మాట్లాడాడు, శాలువా కప్పాడు.

డాక్టరు నాచారంలో ఒక టిఫిన్ సెంటరు పైన గది తీసుకుని క్లినిక్ పెట్టాడు. ఆ వీధిలో ఆయన్ని చాలాసార్లు చూశాను. పలకరించినప్పుడల్లా ఆయనే పలకరించాడు. ఒకసారి, మూడేళ్ల కింద, చెప్పేద్దామని మెట్లెక్కాను. పంతొమ్మిది మెట్లు. నన్ను చూసి కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు.

“ఎవలతోని వచ్చిన్రు మేడం?”

“ఒక్కదాన్నే.”

“అయితే జిరాక్స్ ఖర్చు మిగిలింది. చెప్పుర్రి.”

నిద్ర పట్టడం లేదన్నాను. అదీ నిజమే. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. “ఇంకేమన్న ఉన్నదా?”

“లేదండీ.”

“ఉంటే మల్ల రండ్రి. ఫికర్ లేదు” అన్నాడు. మందు రాయలేదు. మధ్యాహ్నం పడుకోవద్దన్నాడు. దిగి వచ్చేశాను. కమిటీ ముందు అన్న మాటే ఆయన ముందూ అన్నాను. మళ్లీ వెళ్లలేదు.

దినం ఉప్పల్‌లో ఒక చిన్న ఫంక్షన్ హాల్లో చేశారు. ఫొటోకు పూలదండ వేసి, నమస్కారం పెట్టి తిరిగేసరికి ఆ కుర్రాడు భోజనాల బల్ల దగ్గర కనిపించాడు. జుట్టు ముందువైపు పలచబడింది. యాదయ్యే అతని గురించి చెప్పాడు: ఏఎస్ రావు నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పీజీ ప్రవేశ పరీక్షకు పాఠాలు చెబుతాడట. సీటు వచ్చినవాళ్లకు ఏ పుస్తకాలు కొనాలో కూడా వీడియోల్లో చెబుతాడట. లక్షమంది చూస్తారన్నాడు యాదయ్య. ఆ లక్ష నేను సరిచూడలేదు.

వెళ్లి అతని పక్క కుర్చీలో కూర్చున్నాను. విస్తట్లో అన్నం అలాగే ఉంది. నేనెవరో చెప్పాను.

“గుర్తున్నరు మేడం. ఆ రోజు రిజిస్టర్ తెచ్చిన్రు.”

“అంతకు ముందు ఒక రోజు నువ్వు నా కౌంటర్‌కు వచ్చావు బాబూ. ఒక పుస్తకం అడిగావు. తప్పులది. లేదన్నాను. రెండు రోజుల ముందే దాన్ని నేను స్క్రాపుకు వేశాను. కమిటీలో ఆ సంగతి చెప్పలేదు. నువ్వు అడిగావు. నేను ఇవ్వలేదు. అది చెప్పడానికే వచ్చాను.”

అతను చెయ్యి కడుక్కోవడానికన్నట్టు నీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కుని అలాగే పట్టుకున్నాడు.

“నాకు యాది లేదు మేడం” అన్నాడు.

“అడిగావు. గురువారం, పన్నెండు దాటాక.”

“అడిగుంట. నాకు యాది లేదు. నాకు ఆమె యాదికుంది. ఆమె చెప్పులు యాదికున్నయి. బావగాడు కూసున్న కుర్చీ యాదికుంది.” గ్లాసు కింద పెట్టాడు. “ఆ బుక్ల ఇది ఉండెనా?”

“ఉండింది. మూడో పుస్తకం, మొదటి పేజీ.”

“మీరు సదివిన్రా?”

“చదివాను.”

“ఏముండె?”

చెప్పాను. అక్షరం పోకుండా గుర్తుంది. ఆయన రాసినట్టే చెప్పాను: “ఆమెతోని వచ్చిన మనిషిని నేను బయటికి పంపలే. ఆమె మాటలన్ని ఆయననే మాట్లాడిండు. నేను రాసుకున్న. రెండోసారి గట్లనే. ఆమె మల్ల రాలే. ముందుగాల పక్క మనిషిని పంపు. ఏదన్న పని చెప్పి పంపు. తర్వాత అడుగు.”

అతను ఆఖరి మాట దాకా కదలకుండా విన్నాడు. పక్క బల్ల దగ్గర ఎవరో పెరుగు అడుగుతున్నారు.

“గంతేనా?”

“అంతే.”

“సదవనీకి ఎంతసేపు పడతది మేడం?”

“అర నిమిషం పట్టదు.”

అతను తల ఊపాడు. లేవబోయి, ఆగాడు.

“ఆ రోజు నేను మీ కౌంటర్ కాడ ఎంతసేపు నిలవడ్డ?”

సభ్యత్వం ఫారం మీద వచ్చిన సమయం, ఇచ్చిన సమయం వేయించేదాన్ని. నాకు తెలుసు.

“పద్నాలుగు నిమిషాలు” అన్నాను.